మీకు తెలుసా? మారీచుడి భయానికి ఇప్పుడు వైద్యం ఉంది

● వాల్మీకి రామాయణం అరణ్యకాండలో, బంగారు లేడి వేషం కట్టమని అడగడానికి రావణుడు వచ్చినప్పుడు, మారీచుడు తన గోడు వెళ్లబోసుకుంటాడు. రాముడి బాణం దెబ్బ అతను ఒకసారి తిన్నాడు, రెండోసారి త్రుటిలో తప్పించుకున్నాడు. పక్కనున్న ఇద్దరు రాక్షసులు మాత్రం ఆ రెండోసారి అతని కళ్లముందే కూలిపోయారు. అప్పటినుంచి ఏ చెట్టు చూసినా నారచీర కట్టి విల్లు పట్టిన రాముడే కనిపిస్తాడు. కలలోనూ వదలడు. రత్నమనో రథమనో ఎవరైనా అంటే ఆ మొదటి అక్షరానికే గుండె జారిపోతుంది. అందుకే అన్నీ మానుకుని, జడలు పెంచుకుని ఆశ్రమంలో తలదాచుకున్నాడు. ఇప్పటి సైకియాట్రిస్టు ఎవరైనా ఈ ఘట్టం చదివితే నాలుగు విషయాలు రాసుకుంటారు: జరిగినది మళ్లీ కళ్లకు కట్టడం, పీడకలలు, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం, దాన్ని గుర్తుచేసే ప్రతిదానికీ దూరంగా పారిపోవడం. ఈ రోగానికి పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ అనీ, పొట్టిగా పీటీఎస్‌డీ అనీ పేరొచ్చింది మాత్రం 1980లో.

● గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ కూడా ఇలాంటి కథే ఒకటి రాశాడు. క్రీస్తుపూర్వం 490లో మారథాన్ యుద్ధంలో ఎపిజెలస్ అనే సైనికుడి పక్కనే నిలబడ్డవాడు చనిపోయాడు. ఎపిజెలస్‌కి ఒంటిమీద గీత కూడా పడలేదు, కానీ చూపు పోయింది. మళ్లీ రాలేదు.

● భయపడిన ప్రతివారికీ పీటీఎస్‌డీ ఉన్నట్టు కాదు. ప్రాణాపాయం, తీవ్రమైన గాయం, లైంగిక హింస లాంటివి తనకు జరిగి ఉండాలి, లేదా కళ్లారా చూసి ఉండాలి, లేదా అయినవాళ్లకు హఠాత్తుగా జరిగిందని తెలిసి ఉండాలి. దాని తర్వాత నాలుగు రకాల లక్షణాలు నెలకు పైగా ఉండి, రోజువారీ బతుకును దెబ్బతీయాలి. మొదటి మూడు రకాలు మారీచుడి దగ్గర చూశాం: తిరిగి అనుభవించడం, తప్పించుకు తిరగడం, ఒళ్లంతా ఎప్పుడూ కాపలాలో ఉండటం. నాలుగోది పైకి కనిపించదు కాబట్టి ఇంట్లోవాళ్లు దాన్నే ఎక్కువగా అపార్థం చేసుకుంటారు. మనసు మొద్దుబారిపోవడం, ఎవరిమీదా ప్రేమ పుట్టకపోవడం, ‘అంతా నా వల్లే జరిగింది’ అన్న నమ్మకం పాతుకుపోవడం. ‘ఆ యాక్సిడెంట్ అయ్యాక మనిషి మారిపోయాడు, పిల్లల్ని కూడా దగ్గరకు తీసుకోవట్లేదు’ అని భార్యలు చెప్పేది ఈ నాలుగో లక్షణం గురించే.

మొదటి నెలలో ఇవన్నీ కనిపిస్తే దానికి వేరే పేరుంది, అక్యూట్ స్ట్రెస్ డిజార్డర్. కొందరిలో లక్షణాలన్నీ బయటపడటానికి ఆరు నెలలు దాటుతుంది కూడా.

● టీవీలో ప్రమాదం దృశ్యాలు చూస్తే పీటీఎస్‌డీ వస్తుందా? అమెరికన్ సైకియాట్రిస్టుల నిర్వచనం ప్రకారం రాదు. అయితే ఉద్యోగరీత్యా అవే దృశ్యాలు మళ్లీమళ్లీ చూడాల్సినవాళ్లు, శవాల భాగాలు ఏరేవాళ్లు, పిల్లల మీద అత్యాచారం కేసుల వివరాలు రోజూ వినే పోలీసులు ఈ నిర్వచనంలోకి వస్తారు.

2023 జూన్ 2న ఒడిశాలోని బాలాసోర్ దగ్గర కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదంలో 290 మందికి పైగా చనిపోయారు. అక్కడ బోగీలు కోసి మనుషుల్ని బయటికి తీసిన జాతీయ విపత్తు స్పందన దళం (ఎన్డీఆర్ఎఫ్) సిబ్బందిలో ఒకరికి ఆ తర్వాత నీళ్లు చూస్తే రక్తంలా కనిపించేదట. ఇంకొకరికి అన్నం సయించలేదు. ఈ మాట బయట చెప్పింది ఆ దళం అప్పటి డైరెక్టర్ జనరల్ అతుల్ కర్వాలే. యూనిఫాం వేసుకున్నవాళ్ల గురించి వాళ్ల పెద్దాఫీసరే ఇంత సూటిగా మాట్లాడటం మన దేశంలో అరుదు. ఇవి రోజుల వ్యవధిలో కనిపించినవి కాబట్టి వీటిని పీటీఎస్‌డీ అనలేం. కానీ గట్టివాళ్లకు ఇలాంటివి రావు అనే నమ్మకాన్ని చెరిపేయడానికి ఆ ఒక్క మాట చాలు.

● ప్రపంచంలో దాదాపు 70 శాతం మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి ఘోరాన్ని ఎదుర్కొంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. వాళ్లలో పీటీఎస్‌డీ వచ్చేది 5.6 శాతానికే. అంటే వందలో తొంభై నాలుగు మంది ఏడ్చి, కొన్నాళ్లు నిద్ర పట్టక, మెల్లగా వాళ్లంతట వాళ్లే తేరుకుంటారు. వచ్చినవాళ్లలో కూడా 40 శాతం వరకు ఏడాదిలో కోలుకుంటారు. మిగిలినవాళ్లకే అసలు చిక్కు. పేద, మధ్యాదాయ దేశాల్లో ఈ జబ్బు ఉన్నవాళ్లలో వైద్యం కోసం వెళ్లామని చెప్పేది నలుగురిలో ఒకరే. మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఇది ఎక్కువ. యుద్ధాల కన్నా లైంగిక హింస తర్వాత వచ్చే అవకాశం ఎక్కువ. సినిమాల్లో మాత్రం పీటీఎస్‌డీ అంటే మిలిటరీవాడే.

● ఈ జబ్బు మొదట పట్టాల మీద ప్రయాణించింది. పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో రైలు ప్రమాదాల నుంచి చెక్కుచెదరకుండా బయటపడ్డవాళ్లు నెలల తరబడి వణకడం, నిద్రపోలేకపోవడం చూసి, వెన్నెముక అదిరిందేమోనని డాక్టర్లు దాన్ని ‘రైల్వే స్పైన్’ అన్నారు. రైల్వే కంపెనీలు పరిహారం ఎగ్గొట్టడానికి ఇదంతా నటన అని కోర్టుల్లో వాదించాయి.

ఆ రైళ్లలో ఒకదానిలో చార్లెస్ డికెన్స్ ఉన్నాడు. 1865 జూన్ 9న స్టేపుల్‌హర్స్ట్ దగ్గర రైలు వంతెన మీంచి పడింది. ఆయన ఎక్కిన బోగీ వేలాడుతూ ఆగిపోయింది. ఆయన దిగి, క్షతగాత్రులకు బ్రాందీ పట్టించి, టోపీతో నీళ్లు తెచ్చిపోసి, తర్వాత ఆ వేలాడే బోగీలోకే మళ్లీ ఎక్కి, రాస్తున్న నవల కాగితాలు తెచ్చుకున్నాడు. అప్పుడు అంత నిబ్బరంగా ఉన్న మనిషికి ఆ తర్వాత కొన్నాళ్లు గొంతు పెగల్లేదు. చివరిదాకా రైలెక్కితే వణుకే. సరిగ్గా ఐదేళ్లకు, అదే జూన్ 9న పోయాడు. ఆ తేదీ కాకతాళీయమే అనుకోండి, కానీ ఆయన జీవితచరిత్ర రాసిన ఎవరూ ఆ మాట రాయకుండా ఉండలేకపోయారు.

● మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతుండగా, 1915లో చార్లెస్ మైయర్స్ అనే డాక్టరు లాన్సెట్ పత్రికలో ‘షెల్ షాక్’ అనే మాట అచ్చువేయించాడు. ఫిరంగి గుండు పేలిన అదురుకు మెదడు దెబ్బతింటోందని మొదట్లో అనుకున్నారు. తీరా చూస్తే గుండు పేలిన చోటుకి ఆమడ దూరంలో ఉన్నవాళ్లకూ అదే వణుకు. ఆ పేరు వల్ల సైనికులు మరీ ఎక్కువగా జబ్బు పడుతున్నారని 1917లో బ్రిటిష్ సైన్యం దాన్ని వాడొద్దని ఉత్తర్వు ఇచ్చింది. పేరు తీసేస్తే జబ్బు పోతుందన్న నమ్మకం, చూడండి.

అదే యుద్ధంలో పారిపోయారనీ పిరికితనం చూపారనీ 306 మంది బ్రిటిష్, కామన్వెల్త్ సైనికుల్ని సొంత సైన్యమే కాల్చి చంపింది. వాళ్లలో హ్యారీ ఫార్ ఒకడు. షెల్ షాక్‌తో అంతకుముందే ఐదు నెలలు ఆసుపత్రిలో ఉన్నవాడు. 1916లో మళ్లీ ముందుకు నడవలేనన్నాడు. విచారణ ఇరవై నిమిషాల్లో ముగిసింది, అతని తరఫున మాట్లాడేవాళ్లు లేరు. ఆ 306 మందికీ క్షమాభిక్ష 2006లో వచ్చింది, తొంభై ఏళ్ల తర్వాత. అదీ అతని కూతురు ఏళ్ల తరబడి పోరాడితే.

● 1980లో పీటీఎస్‌డీ అధికారికంగా వైద్య గ్రంథంలోకి ఎక్కడానికి కారణం ప్రయోగశాలల్లో కనుగొన్నదేమీ కాదు. వియత్నాం నుంచి తిరిగొచ్చిన సైనికులు, వాళ్లతో కూర్చుని మాట్లాడిన చైమ్ షటాన్, రాబర్ట్ జే లిఫ్టన్ లాంటి సైకియాట్రిస్టులు, మరోవైపు అత్యాచార బాధితుల్ని బోస్టన్ ఆసుపత్రిలో కలిసి 1974లో వాళ్ల లక్షణాల గురించి రాసిన బర్జెస్, హోల్మ్‌స్ట్రమ్ అనే ఇద్దరు మహిళలు. ఆ మాటలన్నీ కలిసి ఒక పేరయ్యాయి.

● ఇంట్లో ఒకసారి దొంగలు పడ్డాక కుక్క ఎలుక కదిలినా మొరుగుతుంది. మెదడులో అమిగ్డలా అనే చిన్న భాగం పని అదే, ప్రమాదాన్ని పసిగట్టి ఒళ్లంతా లేపడం. ‘ఇది పాతది, ఇప్పుడేం కాలేదు, పడుకో’ అని దాన్ని ఊరుకోబెట్టాల్సింది నుదుటి వెనక ఉండే భాగం. పీటీఎస్‌డీలో ఆ అదుపు తప్పుతుంది. ఎప్పుడు, ఎక్కడ జరిగిందో గుర్తుపెట్టే హిప్పోక్యాంపస్ కూడా ఈ రోగుల్లో కొంచెం చిన్నగా ఉంటుందని స్కానింగుల్లో కనిపించింది. భయమే దాన్ని కుదించేసిందని చాలామంది అనుకున్నారు.

ఇక్కడే కథ మలుపు తిరిగింది. 2002లో అమెరికాలో ఒకే పోలిక కవలల్ని పరీక్షించారు. ఒకరు వియత్నాం వెళ్లినవారు, ఇంకొకరు ఇంటి దగ్గరే ఉన్నవారు. పీటీఎస్‌డీ ఉన్న సైనికుడికి హిప్పోక్యాంపస్ చిన్నగా ఉంది, సరే. యుద్ధం ముఖమే చూడని అతని కవల సోదరుడికీ అంతే చిన్నగా ఉంది! అంటే కనీసం కొందరిలో అది దెబ్బకు వచ్చిన మార్పు కాదు, దెబ్బ తగలకముందు నుంచే ఉన్న బలహీనత. ఒకే బస్సు బోల్తా పడితే ఒకరు నెలలో మామూలైపోయి, పక్క సీటువాళ్లు మూడేళ్లయినా బస్సెక్కలేకపోవడం మనోబలం తేడా కాదని చెప్పడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం నాకు తెలిసి లేదు.

● మన ఇళ్లలో ఇలాంటప్పుడు మొదట వినిపించే సలహా ‘ఆ ఊసెత్తకు, మర్చిపో’. పిల్లాడు జడుసుకున్నాడంటే ఆంజనేయస్వామి తాయెత్తో, దర్గాలో మంత్రించిన దారమో కడతారు. దాంతో తప్పు లేదు, పదిమంది తనకోసం ఆరాటపడుతున్నారన్న ధైర్యమైనా పిల్లాడికి దక్కుతుంది. ఇబ్బందల్లా ఆ ఊసెత్తకుండా ఉండటంతోనే. ప్రమాదం జరిగిన రోడ్డు తప్పించి అన్నదమ్ములు చుట్టూ తిప్పి తీసుకెళ్తారు. ఆ వార్త వస్తే అమ్మ టీవీ కట్టేస్తుంది. దీపావళికి టపాసుల చప్పుడు పడదని తలుపులన్నీ మూసేస్తారు. అందరూ ప్రేమతోనే చేస్తారు. కానీ తప్పించుకున్న ప్రతిసారీ, ‘అటు వెళ్లుంటే నిజంగానే ఏదో అయ్యేది’ అని మెదడు ఇంకొంచెం గట్టిగా నమ్ముతుంది. ఈ జబ్బు ఏళ్ల తరబడి నిలిచిపోవడానికి పెద్ద కారణం ఇదే.

● అయితే జరిగిన మర్నాడే కూర్చోబెట్టి అన్నీ చెప్పించడం మంచిదా? 1980ల్లో, 90ల్లో అలాగే నమ్మారు. ‘డీబ్రీఫింగ్’ పేరిట ప్రమాదం జరిగిన కొద్ది రోజుల్లో ఒక్కసారి కూర్చోబెట్టి, చూసిందీ పడిందీ అంతా కక్కించేవాళ్లు. 1997లో బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో కాలిన గాయాలతో వచ్చినవాళ్ల మీద దీన్ని పరీక్షించారు. 13 నెలల తర్వాత చూస్తే, అలా చెప్పించినవాళ్లలో 26 శాతం మందికి పీటీఎస్‌డీ ఉంది. ఏమీ చేయకుండా వదిలేసినవాళ్లలో 9 శాతం మందికే! తర్వాతి పరిశీలనల్లోనూ దానివల్ల మేలు కనపడలేదు. ఇప్పుడు అందరికీ కలిపి అలా చేయొద్దనే మార్గదర్శకాలు చెబుతాయి.

దాని స్థానంలో వచ్చింది సైకలాజికల్ ఫస్ట్ ఎయిడ్. పేరు పెద్దదే గానీ చేసేది మామూలు పని. తాగడానికి నీళ్లు, కప్పుకోవడానికి దుప్పటి, ఇంటివాళ్లకు ఫోన్ కలిపివ్వడం, పిల్లల్ని తల్లిదండ్రుల దగ్గరకు చేర్చడం, వాళ్లు మాట్లాడితే వినడం, మాట్లాడకపోతే ఊరుకోవడం. శవం పక్కనున్న తల్లి నోటి దగ్గర మైకు పెట్టి ‘ఆ క్షణంలో మీకేమనిపించింది’ అని అడగడం ఈ జాబితాలో ఎక్కడా లేదని మన చానళ్లకు ఎవరైనా చెబితే బాగుండు.

● మరి ఎప్పుడు చెప్పించాలి, ఎలా? నెల దాటి జబ్బు ఖాయమయ్యాక, నేర్చుకున్నవాళ్ల దగ్గర, ఒక పద్ధతి ప్రకారం. ఈ పద్ధతుల్లో బాగా పరీక్షకు నిలిచినది ఎడ్నా ఫోవా రూపొందించిన ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్. మామూలుగా 8 నుంచి 15 సిట్టింగులు, ఒక్కోటి గంటన్నర దాకా.

ఒక మనిషిని ఊహించుకుందాం. సూర్యాపేట దాటాక హైవే మీద రాత్రి బైకు లారీకి తగిలింది. వెనక కూర్చున్న స్నేహితుడు అక్కడికక్కడే పోయాడు, ఇతనికి చెయ్యి విరిగింది. చెయ్యి అతికింది, ఏడాదైంది, బండి మాత్రం ముట్టలేదు. థెరపిస్టు అతన్ని కళ్లు మూసుకుని ఆ రాత్రిని ఇప్పుడే జరుగుతున్నట్టు చెప్పమంటారు. ‘నడుపుతున్నాను, వాడు వెనక నవ్వుతున్నాడు, ఎదురుగా రెండు లైట్లు...’ చెప్పడం అయిపోతే మళ్లీ మొదటినుంచి. మధ్యమధ్యలో ‘భయం సున్నా నుంచి వందలో ఎంత?’ అని అడుగుతారు. మొదటి రోజు 95 అంటాడు, వణుకుతాడు, చెమట పడుతుంది. అదంతా ఫోన్లో రికార్డు చేసి ఇస్తారు, ఇంట్లో రోజూ వినాలి. దాంతోపాటు మెట్లమెట్లుగా ఒక జాబితా రాస్తారు: ఆగి ఉన్న బండి మీద కూర్చోవడం, గల్లీలో తమ్ముడి వెనక కూర్చుని వెళ్లడం, పగటిపూట తానే నడపడం, రాత్రిపూట నడపడం, చివరికి ఆ హైవే. ఒక్కో మెట్టు దగ్గర భయం దానంతట అది తగ్గేదాకా అక్కడే ఉండాలి, మధ్యలో లేచి రాకూడదు.

కొన్ని వారాలు గడిచేసరికి అతని కథలో కొత్త సంగతులు వస్తాయి. ఇన్నాళ్లూ ‘నేనే స్పీడుగా వెళ్లాను’ అన్నవాడు, ‘లారీ రాంగ్ రూట్లో వచ్చింది కదా’ అని తానే అంటాడు. ఆ సంగతి అతనికి తెలియక కాదు. లైట్లు కనిపించిన క్షణం దగ్గరే కథ ఆగిపోయేది, ముందుకు సాగితే కదా! స్నేహితుడు పోయిన దుఃఖం పోదు. అది మామూలు దుఃఖంగా మారుతుంది. ఈ తేడా పైనుంచి చూసేవాళ్లకు చిన్నదనిపించవచ్చు, నిద్ర పట్టే మనిషికి కాదు.

● కథంతా చెప్పలేనివాళ్లకు ఇంకో దారి ఉంది. ప్యాట్రీషియా రెసిక్ రూపొందించిన కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ, దాదాపు 12 సిట్టింగులు. ‘తప్పు నాదే’, ‘ఎవర్నీ నమ్మకూడదు’ అనే గట్టిపడ్డ నమ్మకాల్ని కాగితం మీద రాయించి, దానికి రుజువేమిటి అని ఒక్కొక్కటే విప్పుతారు. లైంగిక హింసకు గురైన స్త్రీలతో మొదలైన పద్ధతి ఇది. మన దగ్గర ‘ఆ టైములో అక్కడికెందుకు వెళ్లావు’ అనే ప్రశ్న ఇంట్లోంచే వస్తుంది కాబట్టి, విప్పాల్సిన ముళ్లు రెట్టింపు.

● ఈఎండీఆర్ అనే చికిత్స ఒక పార్కులో పుట్టింది. 1987లో ఫ్రాన్సిన్ షపీరో అనే ఆవిడ నడుస్తూ, కళ్లు అటూ ఇటూ వేగంగా కదిలినప్పుడు మనసులోని చేదు ఆలోచనల పదును తగ్గుతోందని గమనించింది. రోగి ఆ జ్ఞాపకాన్ని మనసులో పెట్టుకుని థెరపిస్టు వేలిని చూపుతో వెంబడించాలి. చూడ్డానికి గారడీలా ఉంటుంది, కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే దీన్ని సిఫారసు చేసింది. పనిచేస్తుందన్న దాంట్లో పేచీ తక్కువ. అందులో కళ్లు తిప్పడం వాటా ఎంత, జ్ఞాపకాన్ని ఎదుర్కోవడం వాటా ఎంత అన్నదే ఇంకా తెగని వాదన.

● బ్రిటన్‌లో ఆక్స్‌ఫర్డ్ ఆసుపత్రికి రోడ్డు ప్రమాదాలతో వచ్చిన 71 మందిలో కొందరిచేత, ఆరు గంటల్లోపు, ఆ దృశ్యం ఒకసారి తలుచుకోమని చెప్పి టెట్రిస్ ఆడించారు. అవును, ముక్కలు పేర్చే వీడియోగేమే. ఆ వారంలో వాళ్లకు ప్రమాదం హఠాత్తుగా కళ్లముందు మెదలడం మిగిలినవాళ్లకంటే 62 శాతం తగ్గింది. దృశ్యాల్ని భద్రపరిచే పనిలో ఉన్న మెదడుకు మరో దృశ్యాల పని చెప్పడమే ఇందులో కిటుకు. ఇది ప్రయోగమే, ఇంకా వైద్యం కాలేదు.

● చిన్నపిల్లలు పీడకల గురించి చెప్పలేరు, ఆడి చూపిస్తారు. వరదలో ఇల్లు మునిగిన పిల్ల బొమ్మల్ని బకెట్లో ముంచి తీస్తూ ఉంటుంది, ఆ ఆటలో నవ్వు ఉండదు. పక్కలో తడపడం మానేసినవాడు మళ్లీ మొదలుపెడతాడు. ఆరేళ్లలోపు వాళ్లకోసం అమెరికన్ నిర్వచనంలో వేరే కొలతలే ఉన్నాయి.

● మందుల సంగతి: పీటీఎస్‌డీకి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదించినవి రెండే, సెర్ట్రలిన్, పరోక్సెటిన్. రెండూ డిప్రెషన్‌కి వాడేవే, రెండూ మన దగ్గరా దొరుకుతాయి. పనిచేయడానికి వారాలు పడుతుంది. మొత్తమ్మీద చూస్తే పైన చెప్పిన మాటల చికిత్సలే ముందు వరసలో ఉన్నాయి. నిద్ర పట్టట్లేదని ఆల్ప్రజోలం లాంటివి మింగడం మాత్రం వద్దనే మార్గదర్శకాలు చెబుతాయి, అలవాటు పడటం ఒక్కటే మిగులుతుంది. మందు కొట్టి పడుకోవడమూ అంతే. ఎండీఎంఏ అనే మత్తుమందుతో కలిపి చేసే థెరపీ మీద ఆశలు పెట్టుకున్నారు గానీ, సాక్ష్యం చాలదని 2024 ఆగస్టులో అదే సంస్థ తిప్పి పంపింది.

● ఎక్కడికి వెళ్లాలి? ముందుగా ఫోన్ చాలు. 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416, ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. ప్రభుత్వ మానసిక ఆసుపత్రులంటే హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు. ఆ పేర్లు వినగానే నవ్వేవాళ్లను పట్టించుకోవద్దు. జిల్లా ఆసుపత్రిలోనూ సైకియాట్రీ ఓపీ ఉందేమో అడగండి. వెళ్లినప్పుడు ‘నిద్ర పట్టట్లేదండీ’ అని మాత్రం చెప్పి ఊరుకోకండి. నిద్రమాత్ర రాసిచ్చేస్తారు. ఫలానాది జరిగింది, అప్పటినుంచి ఇలా ఉంది అని చెప్పండి, ట్రామాకి థెరపీ చేసేవాళ్లు ఇక్కడున్నారా అని అడగండి. ఆసుపత్రిలో చేరాల్సి వస్తే బీమా కంపెనీ ‘మానసిక జబ్బులకు వర్తించదు’ అంటుందేమో. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్ ప్రకారం, శారీరక జబ్బులకు ఇచ్చినట్టే వీటికీ బీమా ఇవ్వాలి. ఆ సెక్షన్ నంబరు ఒక చీటీ మీద రాసుకుని వెళ్లండి.